జాబితా అన్నం తినదు

మొన్న నిడదవోలు స్టేషన్లో బండి కోసం కూర్చుని ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకం చదువుకుంటుంటే, పక్కనున్న పెద్దమనిషి తొంగి చూసి "మనవడిదాండీ?" అన్నాడు. నాదే అన్నాను. "ఏం చేసేవారండీ తమరు?" అన్నాడు. వంట మేస్త్రినన్నాను. ఆయన నవ్వాడు. బండి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుకి జవాబుగా ఇది రాస్తున్నాను. ఆయన చదువుతాడన్న ఆశ లేదు. మీరైనా చదువుతారని. మీరంటే, క్యాటరింగ్ అని బోర్డు కట్టి, నెత్తిన తెల్ల టోపీలు పెట్టుకు తిరుగుతున్న కుర్ర మేస్త్రులు.

నా చదువు మూడో తరగతి. మిగతాదంతా పొట్లాల చదువు. జీలకర్ర పొట్లం విప్పితే ఒక పేజీ చరిత్ర, మెంతుల పొట్లం విప్పితే ముప్పాతిక పేజీ భూగోళం. పొట్లాల చదువులో ఒక్కటే ఇబ్బంది. తరవాతి పేజీ ఎప్పుడూ వేరే ఊళ్ళో, వేరే కొట్లో, ఎవరింటి ఆవాలకో చుట్టి ఉంటుంది. అయినా నేర్చుకున్నాను. బల్లల మీద కూర్చుని వరసగా పేజీలు తిప్పినవాళ్ళ కంటే నాకు తక్కువేం తెలీదు. ఎవరికైనా అనుమానముంటే మా ఇంటికొచ్చి అడగొచ్చు.

మీకిప్పుడు ప్లేటు లెక్క. నిలబడి తింటారు, దొరికింది తింటారు, దొరక్కపోతే ఐస్‌క్రీము తిని పోతారు. మాది ఆకు లెక్క. అరిటాకు ముందు మనిషి కూర్చున్నాక పదార్థం అయిపోయిందంటే వంటవాడు చచ్చినట్టే. నలభై ఏళ్ళలో నా చేతి కింద ఒక్క ఆకు కూడా ఒక్క పదార్థం తక్కువై లేవలేదు. కొవ్వూరు నుంచి అటు కాలవల చివరిదాకా ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. వేరే మాట చెబితే వాళ్ళ ఊరూ పేరూ నాకు రాసి పంపండి.

ఆ పేరు రుచి వల్ల రాలేదు. వండడం ఎవడైనా వండుతాడు. ఎంతమందికి వండాలో తెలుసుకోవడం విద్య. బేరానికి వెళ్ళగానే నేనడిగే మొదటి మాట "ఏ పిలుపండీ?" అని. మా వైపు పిలుపుల్లో తేడాలున్నాయి. మగపిలుపైతే ఇంటికొక మగవాడు వచ్చి తిని పోతాడు. ఇంటిపిలుపైతే ఇంటిల్లిపాదీ వస్తారు, ఆ పూట పొయ్యిలో పిల్లిని లేపే పని ఉండదు. ఊళ్ళో వంద గడపలుంటే మగపిలుపుకి వంద ఆకులు, ఇంటిపిలుపుకి నాలుగొందలు. ఊరు అదే, గడపలు అవే, గుండిగలు మాత్రం వేరు.

నేను గరిట వదిలెయ్యడానికి రెండేళ్ళ ముందు, వైశాఖంలో, ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. పెళ్ళికూతురి తండ్రి రాజమండ్రిలో ఏదో కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు. కాపురం కొవ్వూరు. పెళ్ళి మాత్రం నిడదవోలు పక్కన సొంతూళ్ళో, అక్కగారింటి పెరట్లో. మనిషి మంచివాడే. ఒక్కటే జబ్బు. ఎదుటివాడి నోట్లోంచి అంకె వస్తే దిద్దకుండా ఉండలేడు.

"బియ్యం ఉజ్జాయింపున..." అని నేను మొదలెట్టానో లేదో, చెయ్యెత్తాడు.

"ఉజ్జాయింపు అనకండి మేస్త్రిగారూ. నాకు ఆ మాట పడదు."

"సరేనండి. ఇంతకీ ఏ పిలుపండీ?"

"పిలుపుల గొడవ మీకెందుకండీ? అవి ఆడవాళ్ళు చూసుకుంటారు. నేను జాబితా టైపు చేసి మీ ఫోన్లో పెడతాను. అందులో ఎన్ని మూలకాలుంటే అన్ని. చివర నంబరు చూసుకోండి, పైన పది శాతం వేసుకోండి, వండండి. లెక్కంటే అలా ఉండాలి."

మూలకం అంటే ఏంటో అప్పటికి నాకు తెలీదు. ఏ పొట్లంలోనూ తగల్లేదు. అడిగితే తెలిసేది. కానీ నలభై ఏళ్ళ మేస్త్రిని, నా ప్రశ్నని ఈగని తోలినట్టు తోలేశాడే అని రోషం వచ్చింది. "అలాగేనండి. మీ నంబరే, నా వంటే" అని లేచి వచ్చేశాను. మా రెండో మేస్త్రి బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. నాతో పాతికేళ్ళు పనిచేశాడు. ప్రతి పనీ మునిగిపోతుందని ముందే చెప్పే మనిషి. "అయిపోయింది మేస్త్రీ. ఏ పిలుపో తెలీకుండా వండుతామా?" అన్నాడు. నోర్ముయ్యమన్నాను.

జాబితా వచ్చింది. పదకొండు పేజీలు. వరస నంబర్లు, గళ్ళు, అంతా ముచ్చటగా ఉంది. ఆ పదకొండు పేజీల్లో నేను చదివింది ఒక్కటే, ఆఖరి పేజీలో ఆఖరి నంబరు. రెండొందల ఎనభై ఆరు. పొట్లం కాగితాలు కూడా వదలకుండా చదివినవాడిని, చేతిలో పెట్టిన కాగితం చదవలేదు. కోపం అలాంటిది. మూడొందల ఇరవై మందికి సరుకు రాయించాను. బూరెలు ఆకుకి రెండు చొప్పున, అదనంగా అరవై కలిపి, మావాళ్ళు రుచి చూసేవి కాక, ఏడొందలు.

పెళ్ళినాడు ఉదయం ఎనిమిది కాకుండానే ఇడ్లీ పిండి గంగాళం అడుగు కనబడింది. ఉప్మా దించడమే తరువాయి, గుండిగ ఖాళీ అవుతోంది. ముహూర్తం పదకొండు లోపు. భోజనాలు పన్నెండున్నరకి. పెరట్లో తవ్విన గాడిపొయ్యి పక్కన నిలబడి పందిట్లోకి చూశాను. రెండొందల డెబ్భై మంది టిఫిన్లు తినేశారు, ఇంకా వీధి మొగలో జనం కనబడుతున్నారు.

"అయిపోయింది మేస్త్రీ," అన్నాడు మా రెండోవాడు. "దూకుదామన్నా కాలవలు కట్టేశారు. మోకాల్లోతు నీళ్ళు లేవు. గోదాట్లో దూకాలంటే కొవ్వూరు దాకా పోవాలి."

లెక్చరరు గారికి కబురు పెట్టాను. పట్టుపంచె ఎగ్గట్టుకుని, పెళ్ళిపీటల హడావుడిలోంచి విసుక్కుంటూ వచ్చారు. వెనకే వాళ్ళ అక్కగారు. ఊళ్ళో బొట్టుపెట్టె పట్టుకుని గడప గడపా తిరిగి పిలుపులు చేసింది ఆవిడే.

"టిఫిన్లకే రెండొందల డెబ్భై లేచాయండి. ఇంకా ఎవరు రావాలండీ?" అన్నాను.

"కాలవగట్టు వీధి వాళ్ళు ఒక్కరూ రాలేదురా," అన్నారు అక్కగారు.

"కాలవగట్టు వీధి ఒక్కటే కదక్కా," అన్నారు లెక్చరరు గారు.

"ఏం ఒక్కటి?"

"జాబితాలో ఒక్కటి. అరవై ఒకటో నంబరు."

"ఇరవై మూడు ఇళ్ళురా అవి! నా కాళ్ళరిగాయి తిరగలేక!"

"ఇళ్ళెన్నైనా కానీ అక్కా. 'కాలవగట్టు వీధి మొత్తం రాసుకో' అని నువ్వే ఫోన్లో చెప్పావు. మొత్తం ఒకే వరసలో రాశాను. అది ఒక మూలకం."

"మూలకమో ములక్కాడో నాకు తెలీదు. ఇంటిల్లిపాదినీ రమ్మని పిలిచాను. తినకుండా వెళితే నేను ఈ ఊళ్ళో తలెత్తుకోలేను."

నేను ఫోను తీసి, ఆ పదకొండు పేజీలూ అప్పుడు మొదటిసారి చదివాను. నూట నలభయ్యో నంబరు 'మా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్'. రాజమండ్రి నుంచి మినీ బస్సులో వస్తున్న డిపార్ట్‌మెంటు. దానికి ఒక నంబరు. పైకి జరిపాను. మొట్టమొదటి వరస చూసి ఫోను ఆయన ముందు పెట్టాను.

"అయ్యా," అన్నాను. "ఒకటో నంబరు, మగపెళ్ళివారు. ఇది కూడా ఒక్కటేనాండీ?"

పిఠాపురం నుంచి రెండు బస్సులు బయల్దేరి అప్పటికి గంటన్నర.

లెక్చరరు గారు గాడిపొయ్యి మంటకేసి చూశారు. తరగతిలో పిల్లాడెవడో తప్పు పట్టినట్టుగా, "జాబితాలో తప్పు లేదు మేస్త్రిగారూ. మూలకాలు రెండొందల ఎనభై ఆరే," అన్నారు.

"ఒప్పుకున్నానండి. కానీ జాబితా అన్నం తినదు కదండీ."

ఆ మాటకి ఆయన మొహం తెల్లబోయింది. మా బేరంనాటి దర్జా ఏమీ లేదు. కూతురి పెళ్ళిలో ఆకులు ఖాళీగా లేస్తాయని భయపడుతున్న తండ్రి ఉన్నాడక్కడ. చేతులు పట్టుకుని "మేస్త్రిగారూ, పరువు పోతుందండి" అన్నాడు. తప్పు సగం నాదేనని నాకు తెలుసు. అందుకే గట్టిగా కసిరాను. "పరువు సంగతి తరవాతండి. ముందు మనుషులెంతమందో చెప్పండి. నాకు ఉజ్జాయింపు పడదు."

ఇప్పుడు మీకు అర్థమయ్యేలా చెబుతాను. జాబితాని లెక్కల్లో సమితి అంటారు, అందులో ఒక్కో వరస ఒక్కో మూలకం. ఇదే జాబితాలో రామాలయం వీధి ఉంది. దాన్ని ఇల్లు ఇల్లుగా, పద్దెనిమిది వరసల్లో రాశారు. ఆ పద్దెనిమిది వరసలూ ఏరి పక్కన పెడితే అదొక చిన్న జాబితా అవుతుంది, పెద్ద జాబితాలో ముక్క. దాన్ని ఉపసమితి అంటారు. కాలవగట్టు వీధి అలా కాదు. వీధి వీధంతా ఒకే వరస. అది ముక్క కాదు, మూలకం. ఇక కాలవగట్టులో కాపురమున్న మనిషి ఉన్నాడే, అతను ఆ జాబితాకి ఏమీ కాడు. మూలకం కాదు, ఉపసమితీ కాదు. అయినా మధ్యాహ్నానికి ఆకలి మాత్రం వేస్తుంది. ఈ సంగతి ప్రతి సంవత్సరం బోర్డు మీద రాసి చెప్పే మనిషి, సొంత కూతురి పెళ్ళిలో మరిచిపోయాడు. వీధినీ, ఇంటినీ, మనిషినీ ఒకే వరస కట్టి ఒకే రకంగా లెక్కపెట్టాడు.

సామాన్ల గది తలుపు నల్లగా ఉంది. లెక్చరరు గారు లాల్చీ జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీశారు. పెళ్ళినాడు కూడా జేబులో సుద్దముక్క పెట్టుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తలుపు మీద ఒక్కో నంబరూ వేసి, అటూ ఇటూ మీసాల్లాంటి బ్రాకెట్లు గీసి, మధ్యలో మనుషుల్ని రాయడం మొదలెట్టారు. అక్కగారు పీట వేసుకు కూర్చుని చెప్పసాగారు.

"పధ్నాలుగు, పెద్దమావయ్య. మావయ్య, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు ముగ్గురు. అత్తయ్యకి మోకాళ్ళు, రాలేదు. క్యారేజీ పంపాలి."

"క్యారేజీ కూడా ఆకేనండి," అన్నాను. "తొమ్మిది వెయ్యండి."

"నూట రెండు. వాళ్ళింటికి తాళం. గుమ్మానికి బొట్టు పెట్టి వచ్చాను."

"మరి సున్నానా?"

"సున్నాయే. కానీ పిలవలేదని రేపు అనకూడదుగా. ఉంచు."

లెక్చరరు గారు బ్రాకెట్లు గీసి, మధ్యలో ఏమీ రాయకుండా వదిలేశారు. నంబరుంది, ఇల్లుంది, తినేవాడు లేడు. దాన్ని శూన్యసమితి అంటారట. మా మేస్త్రుల భాషలో దేవుడిచ్చిన ఇల్లంటారు.

"రెండొందల పంతొమ్మిది. టీచరమ్మగారు. ఒక్కరే."

ఆవిడ ఆ ఊరి బళ్ళో పనిచేసి రిటైరయ్యారు. లెక్చరరు గారికి తీసివేతలు నేర్పిన చెయ్యి. ఆయన ఆవిడ పేరు రాసి బ్రాకెట్లు పెట్టలేదు.

"మీసాలేవిరా?" అన్నారు అక్కగారు. "ఒంటరిగా ఉంటే ఇల్లు కాదా? ఆవిడ గుమ్మానికి బొట్టు పెట్టి ఇంటినే పిలిచాను. మనిషి పిలుపైతే ఆవిడ గడప దాటదు."

"ఒక్కరే ఉన్నప్పుడు బ్రాకెట్టున్నా లేకపోయినా ఒకటే కదక్కా..." అని, సగంలో ఆగిపోయారు. ఆ మాట రాసిన కుర్రాళ్ళకి ఆయన సున్నా మార్కులు వేస్తారట, తరవాత చెప్పారు. బ్రాకెట్లు గీశారు. పక్కన మాత్రం ఒకటే అంకె వేశారు.

తొమ్మిది దాటేసరికి తలుపు నిండింది. ఆరొందల ముప్ఫై మూడు. నేను వండుతున్నది మూడొందల ఇరవైకి.

ఆ మూడు గంటలూ ఎలా గడిచాయో వివరంగా రాయను, రాస్తే నా వంట రహస్యాలు మీకు తేరగా దొరుకుతాయి. అక్కగారి మరిదింట్లోంచి బియ్యం బస్తాలు మోయించాం. పక్క పెరట్లో మామిడిచెట్టు ఎక్కించాం. పప్పులో మామిడికాయ, పులిహోరలో మామిడికాయ, పచ్చడిలో మామిడికాయ. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో కంద ఉంటే అంత కంద. పనసపొట్టు కూరలో ఎంత పొట్టు కలిపానో, ఎంత శనగపప్పు కలిపానో చెప్పను. తిన్నవాళ్ళెవరూ కనిపెట్టలేదు, మీకెందుకు?

"మేస్త్రీ, పులుసు పల్చబడింది," అన్నాడు మా రెండోవాడు.

"చారు అని వడ్డించు."

బూరెలకి మాత్రం విరుగుడు లేదు. పూర్ణం అయిపోయింది, మళ్ళీ ఉడకబెట్టి రుబ్బే వ్యవధి లేదు. లెక్చరరు గారే తలుపు మీద లెక్క కట్టారు. మగపెళ్ళివారు అరవై మందికీ రెండేసి. మిగతావాళ్ళకి ఒక్కోటి. దానికి రెండు గరిటెల నెయ్యి. ఒక్క బూరె వేసినప్పుడు నెయ్యి ఎక్కువ వేస్తే, రెండోది అడగడానికి మనిషికి మొహమాటం వస్తుంది. ఇది పుస్తకాల్లో లేదు.

మొదటి బంతి లేచింది. రెండోది లేచింది. నేను వడ్డన వెనకే నడుస్తూ ఒక్కో ఆకు చూసుకున్నాను. ఆఖరి బంతికి కూర్చునేటప్పటికి బూరెల పళ్ళెంలో ఎనిమిది. కూర్చోవాల్సింది టీచరమ్మగారొక్కరే. హమ్మయ్య అనుకున్నాను.

టీచరమ్మగారు వచ్చారు. వెనకాల ఐదుగురు.

లెక్చరరు గారు ఎదురెళ్ళి నీళ్ళు నమిలారు. "టీచరుగారూ, అంటే... మీరొక్కరే అనుకుని..."

"పొద్దున్న బస్సుకి పాలకొల్లు నుంచి మా చెల్లెలు వాళ్ళొచ్చార్రా. ఏం? నువ్వు నన్ను పిలిచావా, నా ఇంటిని పిలిచావా?"

"ఇంటినేనండి."

"ఈ పూట వీళ్ళు నా ఇంట్లో ఉన్నారా, లేరా?"

"ఉన్నారండి."

"మరి నిలబెట్టి మాట్లాడతావేంటి? ఆకులెయ్యి."

ఆరు ఆకులు వేశాం. ఆరు బూరెలు పడ్డాయి. ఒంటరి మనిషీ, ఒంటరి మనిషి ఉన్న ఇల్లూ ఎందుకు ఒకటి కావో నాకు ఆ క్షణంలో బోధపడింది. మనిషి మనిషిగానే ఉంటుంది. ఇంటికి చుట్టాలొస్తారు.

మిగిలిన రెండు బూరెల్లో ఒకటి అక్కగారికి, ఒకటి పెళ్ళికూతురి తల్లికి వేశాం. మా వంటవాళ్ళ గొడవ లేదు. వేయించేటప్పుడే రుచి చూశామంటూ ఎవడి వాటా వాడు తినేశాడు. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ పందిట్లో లెక్చరరు గారూ నేనూ ఎదురెదురుగా రెండు ఆకులు వేసుకుని కూర్చున్నాం. అన్నం, పులుసనే చారు, మజ్జిగ. బూరె లేదు.

నేను ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. "నలభై ఏళ్ళ పేరండి. ఇవాళ రెండు ఆకులు బూరె లేకుండా లేస్తున్నాయి," అన్నాను.

"ఏం పోలేదు మేస్త్రిగారూ," అన్నారాయన. ఆకలి మీద గబగబా కలుపుకుంటున్నారు. "మీ పేరు, పిలుపందుకున్నవాళ్ళ ఆకులకి సంబంధించింది. పిలుపందుకున్నవాళ్ళ సమితి ఒకటుంది. మిమ్మల్ని ఎవరూ పిలవలేదు, వండడానికి పెట్టుకున్నాం. నన్నూ ఎవరూ పిలవలేదు, నేనే పిలిచాను. మనిద్దరం ఆ సమితిలో మూలకాలం కాదు. కాబట్టి మన ఆకుల్లో ఏం పడిందీ, ఏం పడలేదూ మీ లెక్కలోకి రాదు."

"ఆకు వేసుకుని కూర్చున్నవాడు తినేవాడు కాదాండీ?"

"తినేవాడే. పిలుపందుకున్నవాడు కాదు."

ఆ మాట నాకు నచ్చలేదు. నా పేరు నిలబెట్టే మాటే, అయినా నచ్చలేదు. వాదించాను. మజ్జిగ తాగేదాకా వాదించాను. పది రోజుల తరవాత ఆయనే కొవ్వూరు నుంచి మా ఇంటికొచ్చి ఒక లెక్కల పుస్తకం చేతిలో పెట్టి, "నా మాట నమ్మకండి, ఇది చదవండి" అన్నారు. పేజీలన్నీ వరసగా ఉన్న పుస్తకం నా చేతికి రావడం అదే మొదటిసారి. సమితుల పాఠం నెల పట్టింది. చదివి చూస్తే ఆయన చెప్పిందే రైటు. నేను ఫోన్ చేసి, పుస్తకంలో అచ్చు తప్పులు చాలా ఉన్నాయని చెప్పాను.

మూడేళ్ళ తరవాత ఆయన రెండో అమ్మాయి పెళ్ళి. ఈసారి రాజమండ్రిలో కళ్యాణ మంటపం, మీలాంటి టోపీల వాళ్ళ క్యాటరింగు. నేను గరిట వదిలేశాను కదా. లెక్చరరు గారు భార్యతో, అక్కగారితో సహా మా ఇంటికొచ్చారు. గుమ్మానికి బొట్టు పెట్టారు, మా ఆవిడకి బొట్టు పెట్టారు, ఫోన్లో జాబితా తెరిచి మరీ చూపించారు. పదో నంబరు, మేస్త్రిగారి ఇల్లు. అటూ ఇటూ మీసాలు. మధ్యలో నా పేరు, మా ఆవిడ పేరు.

ఇద్దరం వెళ్ళాం. బఫే. చేతిలో ప్లేటు పెట్టుకుని ముష్టివాడిలా వరసలో నిలబడ్డాను. నా ముందు కాలేజీ పిల్లలు, వాళ్ళ ముందు ఫోటోల వాళ్ళు. బూరెల దగ్గరికి నా వంతు వచ్చేసరికి ట్రేలో నూనె మరకలున్నాయి, బూరెల్లేవు. టోపీ అబ్బాయి "అయిపోయాయి సార్, ఐస్‌క్రీము తీసుకోండి" అన్నాడు.

పక్కనే అతిథుల్ని పలకరిస్తున్న లెక్చరరు గారు అది చూశారు. నా ప్లేటుకేసి చూశారు, నాకేసి చూశారు. ఆ ఖాళీ లెక్కలోకి రాదని అనడానికి లేదు.

ఈసారి నేను జాబితాలో ఉన్నాను.